ఠాణా గుమ్మమున నిలిచిన ఫిర్యాదు

ప్రభుత్వపు వకీళ్ల నోట నొక వాదము తఱచుగా వినబడుచున్నది. దర్యాప్తు చేయుట పోలీసువారి స్వంత వ్యవహారమట. అందు న్యాయస్థానమునకు పని లేదట. ఫిర్యాదు పట్టుకొని ఠాణాకు పోయి, అచ్చట త్రోసివేయబడి, తుదకు మేజిస్ట్రేటు నాశ్రయించిన దీనులకు ఈ వాక్యమే యెదురగుచున్నది. ఇది సగము నిజము. సగము నిజమగుటచేతనే మిగుల ప్రమాదకరము. దీనిని గూర్చి చదువరులతో కొంత వివరముగ ముచ్చటింప దలచితిమి.

మొదట లోకములో జరుగుచున్నదేమో చూతము. కూలిపని చేసికొని బ్రతుకు నొక స్త్రీ, తన పాడిగేదె నెవరో తోలుకొనిపోయిరనియో, తన కుమారుని ఊరి పెద్దలు చెట్టునకు కట్టి కొట్టిరనియో చెప్పుకొనుటకు ఠాణాకు పోవును. వ్రాయువాడు లేడందురు. సబిన్‌స్పెక్టరుగారు బందోబస్తునకు పోయినారందురు. ఆ స్థలము మా హద్దులోనిది కాదందురు. ఇవన్నియు విని కూడ ఆమె గుమ్మము వదలనిచో, "ఊరిలో పెద్దమనుష్యులున్నారు గదా, రాజీ పడరాదా?" యని హితోపదేశము చేయుదురు. కాగితము పుచ్చుకొన్నను రసీదు నీయరు. ఆ కాగితము ఏ బల్లసొరుగులో మగ్గునో, ఏ చెత్తబుట్టలో చేరునో దైవమునకే యెఱుక. న్యాయవాద వృత్తిలోనున్న మావంటివారికి ఈ కథ నిత్యపారాయణము.

ఇచ్చట గమనింపవలసిన దొకటి గలదు. ఫిర్యాదు తిరస్కరింపబడుట లేదు. తిరస్కరించితిమని ఒక్క ముక్క వ్రాసి యిచ్చినచో దానిని పైయధికారికి చూపవచ్చును, న్యాయస్థానమున దాఖలు చేయవచ్చును. వ్రాత లేదు, సంతకము లేదు, తేది లేదు; ఉన్నది మౌనము. ఆ మౌనము ఇరుపక్షములకును సమానమని తలచువారు అమాయకులు. దినములు గడచిన కొలది గాయములు మానును, సాక్షులు జడియుదురు, వీధి కెమెరాలలోని చిత్రములు చెరిగిపోవును, దొంగిలిన సొత్తు చేతులు మారును. జాగుచేత లాభపడువాడెవడో వేరుగ చెప్పనక్కఱలేదు.

ఇక పోలీసువారి స్వాతంత్ర్యమను ఈ వాదము సంగతి. దీని పుట్టుక స్వరాజ్యమునందు గాదు. పంజాబులో పోలీసువారు జరుపుచున్న యొక దర్యాప్తును లాహోరు హైకోర్టు మధ్యలోనే కొట్టివేయగా, ఆ వివాదము లండనులోని ప్రివీ కౌన్సిలునకు పోయినది. 1944లో లార్డు పోర్టరు తీర్పు చెప్పెను. పోలీసులు స్వయముగా విచారింపదగిన నేరములయందు దర్యాప్తు చేయుటకు వారికి శాసనసిద్ధమైన హక్కు గలదనియు, న్యాయస్థానము అనుమతి అవసరము లేదనియు, పోలీసుల పనియు న్యాయాధికారుల పనియు ఒకదానికొకటి పూరకములే గాని ఒకదానిపై నొకటి పడునవి గావనియు ఆ తీర్పు సారాంశము. నాటినుండి నేటివరకు ఈ తీర్పును చేతబట్టని ప్రభుత్వపు వకీలు లేడు.

కాని ఆ వ్యాజ్యెములో తేలవలసిన ప్రశ్న యేమి? నడచుచున్న దర్యాప్తును న్యాయస్థానము ఆపవచ్చునా యనునది. కదలక కూర్చున్న పోలీసును కదలుమని న్యాయస్థానము చెప్పవచ్చునా యను ప్రశ్న అచ్చట పుట్టనే లేదు. పుట్టుటకు తావును లేదు. ఏలయన 1898వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడులోనే, 156వ సెక్షను మూడవ ఉపసెక్షను క్రింద, అధికారముగల మేజిస్ట్రేటు దర్యాప్తునకు ఉత్తరువు చేయవచ్చునని స్పష్టముగ వ్రాసియున్నది. 1973వ సంవత్సరపు కోడు దానిని అట్లే నిలిపినది. పారుచున్న కాలువకు తూము మూయరాదన్న తీర్పును, ఎండిన చేనివాడు తూము తెరువుమని అడుగరాదను తీర్పుగా మార్చుట ఎట్టి న్యాయమో మాకు బోధపడదు. పరప్రభుత్వము చెప్పిన దానికంటె రెండాకులెక్కువ చదివినారు మన ప్రభుత్వపు వకీళ్లు!

ప్రివీ కౌన్సిలును తలచుకొన్నప్పుడు తెలుగువారు మఱవరాని తీర్పు మఱియొకటి గలదు. పర్లాకిమిడి జమీందారీలోని గారబందు రైతులు తమ శిస్తు నిర్ణయము విషయమై రెవిన్యూబోర్డు చేసిన ఉత్తరువు చెల్లదని మద్రాసు హైకోర్టు నాశ్రయించిరి. 1943లో ప్రివీ కౌన్సిలు వారికి చెప్పినదేమి? మద్రాసు హైకోర్టునకు రిట్టు జారీచేయు అధికారము మద్రాసు పట్టణమునకు సంబంధించినదే గాని, గంజాం జిల్లా రైతుల శిస్తు వివాదమునకు అది ప్రాకదని! ఉత్తరువు చేసిన బోర్డు మద్రాసులోనే కూర్చున్నను సరే. నాడు దేశమంతటను కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులకు మాత్రమే ఆ యధికారముండెను. అదియు ఇంత కుఱుచగ నుండెను. పట్టణవాసికి రిట్టు, పల్లెవానికి వట్టిచేయి. ఇదీ నాటి న్యాయము.

1950 జనవరి 26వ తేదీన ఆ హద్దు చెరిగిపోయినది. రాజ్యాంగము 226వ అధికరణము క్రింద ప్రతి హైకోర్టును తన యెల్లలలోని ఏ యధికారికైనను, ప్రభుత్వమునకైనను, నీ విధి నెరవేర్చుమని ఆజ్ఞాపింపవచ్చును. ఇచ్ఛాపురపు చేనేతవానికిని, ఆదిలాబాదు గోండునకును, హైదరాబాదు వర్తకునకును నేడు ఒకటే తలుపు. కనుక న్యాయస్థానము పోలీసులను దర్యాప్తునకు పురికొల్పగలదా యను ప్రశ్నకు శాసనములో జవాబు ఏనాడో దొరకినది. కొల్పగలదు. మేము చర్చింపదలచినది ఆ జవాబు బీదవాని గుమ్మమువఱకు ఏల వచ్చుట లేదని.

న్యాయమూర్తులు చెప్పవలసినదంతయు చెప్పియే యున్నారు. 2007 డిసెంబరులో జస్టిస్ మార్కండేయ కట్జూ వ్రాసిన తీర్పున సుప్రీంకోర్టు, దర్యాప్తునకు ఉత్తరువు చేయు అధికారములోనే నివేదిక నమోదు చేయింపించుటయు, దర్యాప్తు సక్రమముగ సాగుచున్నదో లేదో కనిపెట్టుటయు ఇమిడియున్నవని మేజిస్ట్రేట్లకు తెలిపినది. ఆపై ఉత్తర ప్రదేశములో గాజియాబాదు జిల్లాకు చెందిన యొక బాలిక సంగతి వచ్చినది. 2008 మే నెలలో బిడ్డ కనబడుట లేదని తండ్రి ఠాణాకు పోగా, పైయధికారి నాశ్రయించువఱకు నివేదిక నమోదు గాలేదు. నమోదైన పిదపనైనను వెదకినవారు లేరు. ఆ తండ్రి సుప్రీంకోర్టునకు పోయెను. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తరఫున ప్రధాన న్యాయమూర్తి సదాశివముగారు 2013 నవంబరు 12న తీర్పు చెప్పుచు, పోలీసులు స్వయముగా విచారింపదగిన నేరము సమాచారములో కనబడినచో నమోదు చేసి తీరవలెననియు, ఆ సమాచారము నమ్మదగినదా కాదా యను వంకతో నమోదు మానరాదనియు స్పష్టము చేసిరి. కుటుంబ వివాదములు, వర్తక వివాదములు మున్నగు కొన్నిటియందు మాత్రము స్వల్పకాలపు ప్రాథమిక విచారణ కవకాశమిచ్చిరి.

ఇంతకంటె స్పష్టముగ ఎవరు చెప్పగలరు? అయినను దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఊరక పుట్టలేదు.

ఈ పూజారుల సంగతి చూడుడు. 2007 తీర్పు ఒకచేత మేజిస్ట్రేటునకు అధికారమున్నదని చెప్పుచు, రెండవచేత హైకోర్టులు ఇట్టి రిట్టులను సామాన్యముగ పుచ్చుకొనరాదని, ముందు మేజిస్ట్రేటు కడకే పంపవలెనని చెప్పినది. మేము దీనిని తప్పుపట్టము. మేజిస్ట్రేటు తాలూకాలో నున్నాడు, హైకోర్టు అమరావతిలోనో హైదరాబాదులోనో యున్నది. కాని మేజిస్ట్రేటు కచ్చేరిలో జరుగుచున్నదేమి? అర్జీపై "చట్టప్రకారము చర్య తీసికొనుడు" అని ఒక పంక్తి వ్రాసి ఠాణాకు పంపుట. ఏ ఠాణా ఆమెను త్రోసివేసినదో ఆ ఠాణాకే! ఎన్నాళ్లలో నివేదిక పంపవలెనో అందుండదు. పంపనిచో అడుగువాడుండడు. కనిపెట్టు అధికారము మీకున్నదని సుప్రీంకోర్టు చేతికిచ్చిన దీపమును మన మేజిస్ట్రేట్లలో పెక్కురు వెలిగింపకయే గూటిలో పెట్టియున్నారు. వారిపై పనిభారమెక్కువ యని మేమెఱుగుదుము. కాని వాయిదా తేది వేయుట కెంత కాలము పట్టును?

పిమ్మట 2015 మార్చిలో వచ్చినది అఫిడవిట్టు నిబంధన. అప్పు చెల్లింపని యొకడు తనపై చర్య గైకొన్న అధికారులమీద వరుసగా ఫిర్యాదులు తెచ్చి వేధించిన సందర్భమది. జస్టిస్ దీపక్ మిశ్రా, ఇకమీదట మేజిస్ట్రేటునకు పెట్టు ప్రతి అర్జీకిని ప్రమాణపత్రము జతపరుపవలెననియు, ఠాణాకును పై యధికారికిని ముందు పోయినట్లు చూపవలెననియు చెప్పిరి. ఉద్దేశము మంచిదే. ధనవంతుడైన మోసగాని నాపుటకు కట్టిన ఆ కంచెను ధనవంతుడు తన వకీలు సాయమున అవలీలగ దాటుచున్నాడు. కూలిస్త్రీయో, ప్రమాణపత్రమునకు కొంత, నోటరీకి కొంత, రిజిస్టరు తపాలకు కొంత, ఒకనాటి కూలి, రానుపోను బస్సుఖర్చు పెట్టుకొని యా కంచెకడ నిలువబడుచున్నది.

2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ కంచెను శాసనమున పాతినది. ఆ సంహితలో మంచి లేదని మేమనము. నేరము ఏ హద్దులో జరిగినను ఏ ఠాణాయైనను సమాచారము పుచ్చుకొనవలెనని 173వ సెక్షను చెప్పుచున్నది. "మా హద్దు కాదు" అను మాట కిక తావు లేదు. కాని ఆ సెక్షనులోనే మూడవ ఉపసెక్షను చూడుడు. మూడేండ్లు మొదలుకొని ఏడేండ్లకు లోబడిన శిక్షగల నేరములయందు, ఠాణాధికారి డిప్యూటీ సూపరింటెండెంటు అనుమతితో, మొదటిచూపునకు నేరము కనబడుచున్నదా లేదా యని పదునాలుగు దినములు ప్రాథమిక విచారణ జరుపవచ్చునట. సామాన్యపు దొంగతనము, నమ్మకద్రోహము, అత్తవారింట భార్యపై జరుగు హింస, మారణాయుధముతో గాయపఱచుట యన్నియు ఈ కోవలోనివే. బీదవారు ఠాణాకు తెచ్చు ఫిర్యాదులలో నధికభాగము ఇవియే గదా! పదునాలుగు దినములు గడచిన పిదప విచారణ ముగియనిచో ఏమగునో శాసనము చెప్పదు. 2013లో న్యాయమూర్తులు ఏ విచక్షణను ఠాణాధికారి చేతినుండి తీసివేసిరో, అందు పెద్దపాలు 2023లో శాసనకర్తలు మరల వాని చేతిలో పెట్టిరి.

ఇందలి విచిత్రము వినుడు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక శాసనము క్రింది ఫిర్యాదులలో డిప్యూటీ సూపరింటెండెంటు ప్రాథమిక విచారణ జరుపవచ్చునని తీర్పు చెప్పగా, దేశమంతటను అలజడి చెలరేగినది. కారంచేడును, చుండూరును ఎఱిగిన మన ప్రాంతము ఆ తీర్పు అర్థమును ఇతరులు చెప్పనక్కఱలేకయే గ్రహించినది. ఆ యేటనే పార్లమెంటు 18-ఏ సెక్షను చేర్చి, ఈ నేరములయందు నమోదునకు ముందు ప్రాథమిక విచారణ అవసరము లేదని శాసించినది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించినది. అనగా ప్రాథమిక విచారణ యనునది బలహీనుని ఫిర్యాదును గుమ్మముకడనే నిలుపు గడియ యని పార్లమెంటు తానే యొప్పుకొన్నది. అట్టి పార్లమెంటు ఆరేండ్లు తిరుగకముందే ఆ గడియనే సామాన్య శాసనమునకు బిగించినది. ఒక యింటికి కీడైన గడియ ఊరందఱి యిండ్లకు మేలెట్లు అయినదో ప్రభుత్వమువారు చెప్పవలదా?

సంహిత 175వ సెక్షను ఇంకను ఒక యడుగు వెనుకకు వేసినది. మేజిస్ట్రేటు దర్యాప్తునకు ఉత్తరువు చేయుటకు ముందు పోలీసు అధికారి విన్నపమును గూడ పరిశీలింపవలెనట. నమోదు చేయనివానిని ఏల చేయలేదని అడుగుట న్యాయమే; ఆ సమాధానము కాగితముపైకి వచ్చుటయు మేలే. కాని యా విన్నపము వచ్చువఱకు అర్జీ వాయిదాలపై వాయిదాలు పడినచో, నమోదు చేయనివాడే తన తప్పునకు గడువు తాను వ్రాసికొన్నవాడగును. నిందితుడు ప్రభుత్వోద్యోగియైనచో వాని పైయధికారి నివేదికయు, వాని సమాధానమును గూడ రావలెను. ఇది యంతయు వచ్చుసరికి కూలిస్త్రీ గేదె ఏ సంతలో నుండును?

ఎదుటిపక్షపు మాట కూడ వినుట మా ధర్మము. అబద్ధపు ఫిర్యాదులు లేవా? ఉన్నవి. ప్రతి కాగితమునకును నివేదిక నమోదు చేసినచో అమాయకులు బాధపడరా? పడుదురు. కవియు రాజ్యసభ సభ్యుడునగు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీపై ఒక పద్యము కారణముగ గుజరాతులో కేసు నమోదు కాగా, 2025 మార్చిలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేయుచు, వాక్స్వాతంత్ర్యమునకు సంబంధించిన ఇట్టి నేరములలో ప్రాథమిక విచారణయే ఉచితమని చెప్పినది. ఆ తీర్పును మేము శిరసావహింతుము. కాని యొక సంగతి. పద్యము చదివినవానిపై గంటలలో కదలిన పోలీసు, గేదె పోయినదానికి పదునాలుగు దినములు యోచించును. విచక్షణ యెవరిపట్ల త్వరపడుచున్నదో, ఎవరిపట్ల నిద్రించుచున్నదో చూచిన పిదప, దానిని హద్దు లేకుండ ఠాణాధికారికి వదలుమనువారి ధైర్యమునకు మేము జోహారు సేయవలసినదే! అబద్ధపు ఫిర్యాదునకు మందు దర్యాప్తే. దర్యాప్తు చేసి అబద్ధమని తేల్చి వ్రాయుడు. అప్పుడు ఫిర్యాదిపై చర్య తీసికొనుటకును శాసనము గలదు.

పోలీసులు చాలరు, ధనము చాలదు, దేనిని ముందు పట్టవలెనో దేనిని పిదప పట్టవలెనో వారే యెంచుకొనవలెను గదా యని మఱికొందఱందురు. ఈ వాదము ఇంగ్లండునందును వినబడినది. లండనులో జూదపు గృహములపై శాసనము నమలుపఱుపవలదని పోలీసు కమిషనరు లోపాయకారిగ నొక యుత్తరువు చేయగా, బ్లాక్‌బర్న్ అను మాజీ పార్లమెంటు సభ్యుడు న్యాయస్థానమున కెక్కెను. 1968లో లార్డు డెన్నింగు చెప్పినదేమనగా, ఏ కేసులో ఎవరిని పట్టవలెనన్నది కమిషనరు నిర్ణయమే. కాని నూఱు పౌనులకు తక్కువైన దొంగతనములను పట్టుకొననే వలదని యొక పోలీసు పెద్ద శాసించినచో న్యాయస్థానము చూచుచు ఊరకుండదని. వ్యాజ్యెము నడచుచుండగనే ఆ యుత్తరువు వెనుకకు తీసికొనబడినది. ఎంపిక వేఱు, ఎగవేత వేఱు. మన ఠాణాలలో వ్రాతపూర్వకమగు అట్టి యుత్తరువు లేకపోవచ్చును. అలవాటు వ్రాతకంటె బలమైనది.

మేము కోరుచున్న దానికి హద్దులున్నవి. ఫలానివానిని బంధింపుమనిగాని, ఫలానివానిపై ఛార్జిషీటు వేయుమనిగాని న్యాయస్థానము ఆజ్ఞాపింపరాదు. 1967లోనే సుప్రీంకోర్టు, ఛార్జిషీటు వేసి తీరుమని పోలీసును మేజిస్ట్రేటు నిర్బంధింపజాలడని తీర్పు చెప్పినది. అది సరియైన మాట. తీర్పు చెప్పవలసినవాడే సాక్ష్యము కూర్చువాడైన పిదప నిందితునకు దిక్కెవరు? జైను సోదరుల హవాలా పద్దుల సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పత్రికా రచయిత వినీత్ నారాయణ్ వేసిన వ్యాజ్యెములో సుప్రీంకోర్టు కేంద్ర దర్యాప్తు సంస్థను విడువక వెంటాడి, వాయిదా వాయిదాకు నివేదిక లడిగి, 1997 డిసెంబరులో జస్టిస్ వర్మ తీర్పుతో ఆ సంస్థ స్వాతంత్ర్యమునకు కొన్ని రక్షణలు కల్పించినది. అయినను పెద్దలపై పెట్టిన కేసులు సాక్ష్యము చాలక వీగిపోయినవి. నేరనిర్ధారణ కానందున ఆ పట్టుదల వృథాయైనదందమా? మేమట్లనము. పెద్దలపై ఫిర్యాదు వచ్చినప్పుడు విచారణ జరుగవలెనన్నదే ప్రజల హక్కు; అది జరిగినది. శిక్ష సాక్ష్యము ననుసరించి పడును, పడకపోవును.

ఇక దర్యాప్తు చేయవలసినవారే నిందితులైనప్పటి సంగతి. ఎన్‌కౌంటరులని చెప్పబడు మరణముల విషయమై ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము వేసిన వ్యాజ్యెములో, హైకోర్టున అయిదుగురు న్యాయమూర్తులు 2009 ఫిబ్రవరిలో చెప్పిన తీర్పు మన తెలుగు న్యాయచరిత్రలో చెప్పుకొనదగినది. పోలీసుల చేతిలో మనుష్యుడు మరణించినచో అదియు సమాచారమే, నమోదు కావలసినదే. ఆత్మరక్షణమను వాదము విచారణలో ఋజువు చేసికొనవలసినది గాని, నమోదును ఆపుటకు పనికిరాదని వారనిరి. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసినది. తరువాత 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టే, అట్టి మరణములయందు నివేదిక నమోదు చేసి, సి.ఐ.డి. చేతనో వేఱొక ఠాణావారి చేతనో దర్యాప్తు జరిపింపవలెనని మార్గసూచికలు వ్రాసినది. తన తప్పును తాను విచారించుకొను ఏర్పాటు న్యాయము కాదని ఇచ్చట ఒప్పుకొన్నవారు, త్రోసివేసిన ఠాణాకే అర్జీని తిరిగి పంపుట యేమి న్యాయమో యోచింపవలదా?

కనుక మేము కోరునవి గొప్ప సంస్కరణములు గావు. మేజిస్ట్రేటు చేయు ప్రతి యుత్తరువులోను నివేదిక పంపవలసిన తేది యుండవలెను. ఆ తేదీన అర్జీ మరల పిలువబడవలెను. ఇందులకు క్రొత్త శాసన మక్కఱలేదు. రెండు హైకోర్టులును తమ క్రింది న్యాయస్థానములకు ఒక సర్క్యులరు పంపిన చాలును. పోలీసు విన్నపము నిర్ణీత దినములలో రానిచో, అది లేకయే మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవలెను. అత్యాచారము, యాసిడ్ దాడి, మనుష్యుల విక్రయము మున్నగు కొన్ని నేరముల సమాచారము నమోదు చేయని ఉద్యోగికి ఆరు మాసములు మొదలు రెండేండ్లవఱకు కఠినశిక్ష 2013నుండి శాసనములో నున్నది. నేటి న్యాయ సంహితలో అది 199వ సెక్షను. ఆ పట్టికను పెంచవలెను. అంతకు ముందు, ఉన్న పట్టిక క్రిందనైన తమ జిల్లాలో ఎందఱు ఉద్యోగులపై కేసు పెట్టబడినదో పోలీసు సూపరింటెండెంటులు ప్రకటించిన సంతసింతుము.

పఠనమందిరములలో ఈ వ్యాసమును చదువు సోదరులకు ఒక మనవి. మీ యూర నెవరైనను ఠాణాకు పోవునప్పుడు ఫిర్యాదును రెండు ప్రతులు వ్రాసి యిండు. నమోదైన నివేదిక ప్రతిని ఖర్చు లేకుండ పొందుట ఫిర్యాది హక్కని చెప్పుడు. పుచ్చుకొననిచో అదే సంగతిని పోలీసు సూపరింటెండెంటునకు రిజిస్టరు తపాలలో పంపించి, ఆ రసీదు దాచుడు. మేజిస్ట్రేటు ముందు అదియే మీ సాక్ష్యము. ఫోను ద్వారమున గాని, ఈమెయిలు ద్వారమున గాని సమాచారము పంపినచో మూడు దినములలో పోయి సంతకము చేయవలెను, మఱువకుడు. నమోదైన పిదప దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో తొంబది దినములలో ఫిర్యాదికి తెలుపుట పోలీసుల విధి. తొంబది యొకటవ దినమున ఏమియు తెలియనిచో ఆ సంగతిని తేదీలతో మేజిస్ట్రేటునకు వ్రాయుడు. ఒక ప్రతి మా పత్రికకును పంపుడు.